వాసన గురించి కాదమ్మా

నెలకు ఇద్దరు ముగ్గురన్న ఫోన్ చేస్తరు. అందరిదీ ఒకటే పాట. "అక్కా, పదేండ్లాయె సాఫ్ట్‌వేర్‌ల. ఇసుగొచ్చింది. మీ లెక్క నేను గూడ కొలువు ఇడిసిపెట్టి ఊర్లు బాగుచేసే పనిల పడదామనుకుంటున్న." పడు నాయినా, ఎవరొద్దన్నరు? గని ఆ మాట అనేటప్పుడు వాళ్ల గొంతుల ఒక దయ వినవడ్తది, ఊరికేదో దానం చేస్తున్నట్టు. గదీ నాకు ఒళ్లు మండేది. నేను గూడ గా దయతోనే వచ్చిన కాబట్టి ఇంకింత మండుతది.

నాది దేవరుప్పుల. హైదరాబాద్‌ల పదహారేండ్లు సాఫ్ట్‌వేర్ కొలువు చేసిన. నలభై దాటినంక దాన్ని ఇడిసిపెట్టి, చిన్న పట్నాలకు సడకులు, మురుగునీళ్ల మోరీలు, బస్సు షెడ్లు ఎట్లుండాల్నో గీసిచ్చే ఒక చిన్న సంస్థల చేరిన. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఈ మూడు ఊర్ల నడుమ తిరుగుకుంట పద్దెనిమిదేండ్లు గడిచిపోయినయ్. పోయినేడు పని చాలించుకున్న. నాకు కప్పిన శాలువలు బీరువల ఉన్నయ్, వాటి గురించి రాసేది లేదు. ఫోన్ చేసేటోళ్లకు ఒక్కొక్కరికి చెప్పలేక ఒక్కపారి రాసి పెడుతున్న. చదివినంక గూడ రావాలనిపిస్తే రాండ్రి.

షెడ్డు ఎనక నీడ

నా మొదటి పని జనగామల ఒక బస్సు షెడ్డు. కంప్యూటర్ల నెల రోజులు గీసిన. వంపు తిరిగిన కప్పు, సన్నటి స్తంభాలు, వరుసగ ఇనుప బెంచీలు. బొమ్మల చూస్తే మస్తుగుండె. కట్టినంక ఎండకాలం మధ్యాహ్నం పూట సూడవోయిన. షెడ్డుల ఒక్క మనిషి లేడు. జనమంత షెడ్డు ఎనక నిలవడ్డరు. ఎండ ముంగటికెల్లి నేరుగ బెంచీల మీద పడుతున్నది, అవి పెనం లెక్క కాలుతున్నయ్. నీడేమో ఎనకకు పడ్డది.

ఆ ఎనక ఒక అవ్వ సంచి మీద కూసోని ఉండె. నన్ను చూసి, "గిది ఎవరు కట్టిండ్రు బిడ్డా?" అని అడిగింది.

"తెల్వదవ్వా" అన్న. నోరు తెరిచి నిజం చెప్పబుద్ధి కాలే.

"ఎవడైతేంది. ఎనక మంచిగ నీడ జేసిండు" అన్నది అవ్వ.

పొద్దు ఎటు తిరుగుతదో చూసుకోకుంట షెడ్డు గీసిన మనిషిని నేను. పదహారేండ్లు ఏసీ గదిల కూసున్నదానికి పొద్దు యాదికుంటదా? మీరు గూడ గంతే ఉంటరు, చిన్నబుచ్చుకోకుండ్రి. ఏదన్న గీసేముందు ఆ జాగల మూడు పూటలు ఊకె నిలబడుండ్రి. ఫోన్ తియ్యకుండ్రి.

భూపాలపల్లిల ఇంకో తీరు. బొగ్గుబాయి పనికి పోయేటోళ్లు షిఫ్టు బస్సు కోసం నిలబడే ఒక మూల మీద ఎక్కడికెల్లో వచ్చిన ఒక పెద్ద సారు కన్ను పడ్డది. ఆడ ఊరి పేరు నిలువెత్తు అక్షరాలల్ల పెట్టి, ఎనక లైట్లు పెట్టి, జనం ఫోటోలు దిగే జాగ చేయాలన్నడు. "సార్, ఆడ పనికి పోయేటోళ్లు నిలబడతరు" అన్న. "నిలబడనియ్యమ్మా, అక్షరాల ముంగట నిలబడతరు" అన్నడు. ఏం మాట్లాడాలె గిసొంటి మనిషితోని! కొట్లాడాల్సింది. కొట్లాడలే. అక్షరాలు గీసిచ్చిన. వానొస్తే షిఫ్టుకు పోయేటోళ్లు టిఫిన్ డబ్బాలు పట్టుకొని 'భూ' అక్షరం కింద తల దాచుకునేటోళ్లు, మిగిలిన అక్షరాలు సన్నగుండె.

గివన్ని నవ్వుకునే తప్పులు. నవ్వుకోలేనిది ఒకటున్నది, దాని కోసమే కూసోని రాస్తున్న.

యాకయ్య సారు రిజిస్టర్

ఇది ఏ ఊర్ల జరిగిందో చెప్ప. నేను తిరిగిన ఊర్లల్ల ఒకటి అనుకోండ్రి. తప్పు నాది, ఊరి పేరెందుకు?

ఆ ఊరి మున్సిపల్ ఆఫీసుల ఫిర్యాదులు రాసుకునే గుమాస్త యాకయ్య సారు. రిటైర్ అయ్యేందుకు రెండేండ్లుండె. ఆయన ముంగట ఇటుక మందం రిజిస్టర్ ఒకటి. ఆ ఊరోళ్ల పద్ధతి ఏందంటే, గల్లీల మోరీ నిండితే గల్లీ తరఫున ఒకరు రారు. ఇంటికొకరు బయలెల్లుతరు. ఇరవై మంది ఒక్కపారి వచ్చి వరుసగ నిలబడతరు. తలా ఒకరు తమ నోటితోని చెప్పాలె, తమ పేరు రాయించుకోవాలె. ముందటామె చెప్పింది గదా అంటే ఒప్పుకోరు. "ఆమెది ఆమె చెప్పింది, నాది నేను చెప్పొద్దా?" అని మీదికొస్తరు. యాకయ్య సారు ఇరవై మందివీ రాసేటోడు. ఒక్కోనాడు అన్నం తినే యాళ్లకు గూడ లేవకపోయేది.

నేను చూసి తల పట్టుకున్న. "సార్, ఒక్క మోరీ గురించి ఇరవై సార్లు రాసుడేంది?" అన్న.

ఆయన కలం ఆపలే. "మోరీ ఒక్కటే. చెప్పేటోళ్లు ఇరవై మంది గదమ్మా" అన్నడు.

"సమస్య ఒక్కటే గద సార్."

"ఏమో. రాసినంక చూడాలె."

నాకది వట్టి చాదస్తం లెక్క వినవడ్డది. సాఫ్ట్‌వేర్‌ల మాకొక అలవాటుండె. ప్రోగ్రాంల ఒకే తప్పును నలుగురు పట్టుకొని పంపితే, మొదటోళ్లది ఉంచి మిగిలిన మూడు దాని కింద కలిపేస్తం. డూప్లికేట్ అంటం. దాంతోని మా పని సాఫ్‌గ నడిచేది. కొలువు ఇడిసిపెట్టి వచ్చిననుకున్న గని, ఈ అలవాటు నా ఎంబడే బస్సెక్కి వచ్చింది. మీ ఎంబడి గూడ వస్తది, ఏది వస్తదో మీరే చూసుకోవాలె.

తెర మీద పచ్చ

ఆ ఊరికి ఫిర్యాదుల కోసం ఒక ఫోన్ నెంబరు తయారు చేసి పెట్టినం. ఫోన్ చేసి, మీ గల్లీ నెంబరు నొక్కి, బీప్ అన్నంక మాట్లాడాలె. మాట రికార్డయితది. చదువు రానోళ్లకు గూడ సులువని నేనే మురిసిపోయిన. ఒక గల్లీకెల్లి వచ్చిన మొదటి ఫోన్‌ను ఆపరేటర్ విని టైపు చేస్తడు. దాని తర్వాత అదే గల్లీకెల్లి వచ్చినయ్ ఎవరూ వినేది లేదు, వాటంతట అవే మొదటిదాని కింద చేరుతయ్. పని అయిందని రాసుకోంగనే అందరి ఫోన్లకు మెసేజ్ పోతది. "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. ధన్యవాదములు."

ఆ ఆఫీసు పెద్దసారు తన గదిల గోడకు పెద్ద తెర పెట్టించుకున్నడు. కాని పనులు ఎరుపు, అయిన పనులు పచ్చ. నెల తిరగకముందే నన్ను పిలిచిండు. "ఏందమ్మా గీ లొల్లి? పచ్చగైనయ్ మల్ల ఎర్రగైతున్నయ్. ఒకపారి పచ్చగైతే నెల రోజులు పచ్చగనే ఉండాలె" అన్నడు.

ఆయనను తిడుతూ గిక్కడ రెండు పేజీలు రాయొచ్చు. రాస్తే నాకే మంచిగనిపిస్తది. గని కీబోర్డు మీద చేతులు నాయి. పని అయిందన్నంక నెల లోపల అదే గల్లీకెల్లి ఏ ఫోన్ వచ్చినా పాతదాన్లనే కలిపి మెసేజ్ పంపాలని ఒక్క లైను రాసిన. అర్ధగంట గూడ పట్టలే. కాదని ఒక్క మాట అంటే ఆయన నన్నేం చేసేటోడు? ఏం చేయకపోయేటోడు. గది తలుచుకుంటెనే నా మీద నాకు చిరాకు.

రిజిస్టర్‌ను బీరువ మీదికెక్కించిండ్రు. యాకయ్య సారును జనన మరణాల సీటుకు మార్చిండ్రు. తెర మొత్తం పచ్చగైంది. పక్క జిల్లాలకెల్లి వచ్చి చూసిపోయిండ్రు. బీరువల ఉన్న శాలువలల్ల ఒకటి దానికి కప్పిందే.

ఎస్తేరమ్మ

ఆ ఊర్ల ఒక గల్లీకి, పెద్ద సడక్‌కు నడుమ వెడల్పాటి మోరీ ఉన్నది. దాని మీద బండ ఉండేది. ఇసుక ట్రాక్టర్ ఎక్కి బండ పలిగిపోయింది. గల్లీల వాళ్లు ఒక పాత కరెంటు పోలు ముక్క దెచ్చి అడ్డం ఏసుకున్నరు. దాని మీదికెల్లి నడవాలె. ఆటో రాదు, అంబులెన్స్ రాదు.

ఎస్తేరమ్మది ఆ గల్లీ. బడిల పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతది. ఆమె పెనిమిటి దానయ్యకు కిడ్నీలు ఖరాబై వారానికి రెండు మార్లు దవాఖానకు పోయి డయాలసిస్ చేయించుకోవాలె. నడవలేడు. అందుకే నలుగురు ఆయనను ప్లాస్టిక్ కుర్చీల కూసోబెట్టి, ఆ పోలు ముక్క మీదికెల్లి దాటించి, సడక్ మీద ఆటో ఎక్కించేటోళ్లు. వచ్చేటప్పుడు మల్ల గదే తతంగం.

మోరీ మూలకు ముత్తయ్య సేటు కిరాణం దుకాణం. వాసనకు గిరాకీ వస్తలేదని ఆయన పరేషాన్. నెల దాటంగనే ఫోన్ అందుకొని "వాసన కొడ్తుంది" అని మొదాలు చెప్పేది ఆయనే. తప్పేం లేదు, నిజంగనే వాసన కొడ్తది. మా ఆపరేటర్ "దుర్వాసన" అని టైపు చేసేటోడు. మరునాడు మనిషొచ్చి బ్లీచింగ్ పౌడర్ చల్లి, ఫోటో తీసుకొని పోయేటోడు. తెర మీద పచ్చ. ఇగ ఆ నెలంత ఆ గల్లీకెల్లి ఎవరేం చెప్పినా పౌడర్ కిందికే పోవాలె.

మంగళారం మంగళారం నేను ఆ ఆఫీసుకు పోతుంటి. ఒక మంగళారం ఎస్తేరమ్మ వరండల నన్ను ఆపి ఫోన్ చేతిల పెట్టింది. "గిది ఏమొచ్చిందో జర చదువమ్మా."

చదివిన. "పరిష్కరించబడినది అంటేందమ్మా?" అన్నది.

"మీ పని అయిపోయిందని."

"కాలే గదా!"

"కాకపోతే ఫోన్ల మల్ల చెప్పమ్మా."

"నీకు చెప్తున్న గద, నువ్వే రాసుకో. యాకయ్య సారైతే రాసుకుంటుండె."

"నేను రాసుకుంటె గాదమ్మా, సిస్టంల రావాలె" అన్న. అన్న తల్లీ, అన్న. గా మాట నా నోటికెల్లే వచ్చింది.

ఆమె ఫోన్ కొంగుల ముడేసుకుంట, "మా ఆయన నన్నే తిడుతుండు. నీకు చెప్పరాదు, నువ్వు వాసనని చెప్తే వాళ్లు పౌడర్ చల్లి పోతున్నరు, సక్కగ చెప్తే బండ ఎయ్యరా అని. ఇంటికాడ గీ మాట పడలేకపోతున్న" అన్నది. నేను మీటింగుకు ఆలస్యమైతుందని లోపలికి పోయిన. ఏం మీటింగో ఇప్పుడు యాదికి గూడ లేదు.

ఏ రంగున్నది?

వానకాలమొచ్చింది. ఒకనాడు పొద్దుగాల దానయ్యను దాటిస్తుంటే, కుర్చీ పట్టుకున్న నలుగురిల ఒకాయన కాలు పోలు ముక్క మీద జారింది. దానయ్య కుర్చీతోటి మోరీల పడ్డడు. తుంటి ఎముక ఇరిగింది.

నాకు చెప్పింది యాకయ్య సారు. జనన మరణాల సీటుకాడికెల్లి లేచి నా బల్ల దగ్గరికొచ్చి, జరిగింది చెప్పి, "ఆ గల్లీ మీ తెర మీద ఏ రంగున్నదమ్మా?" అని అడిగిండు. ఎకసెక్కం లేదు ఆ గొంతుల. తెలుసుకుందామనే అడిగిండు.

చూసిన. పచ్చగున్నది.

ఆ దినం తలుపేసుకొని కూసోని, ఆ గల్లీకెల్లి యాడాదిల వచ్చిన ఫోన్లన్ని తీసి చెవులకు పెట్టుకొని విన్న. నలభైకి పైన ఉన్నయ్. ఒకాయన, వాన పడితే నీళ్లు ఇంట్లకొస్తున్నయన్నడు. ఒకామె, కోడలికి తొమ్మిదో నెల, నొప్పులొస్తే ఎట్ల దాటియ్యాలన్నది. ఒక పిల్ల సైకిల్‌తోటి మోరీల పడ్డదని తల్లి ఏడ్చుకుంట చెప్పింది. ఒకాయన గ్యాస్ సిలిండర్ భుజం మీద మోసుకొస్తున్నడట. మోరీ ఒక్కటే. నేను ఒక్కటే సమస్య అనుకున్న. రాసినంక చూడాలె అని యాకయ్య సారు అంటే చాదస్తమనుకున్న.

వాటిల పదకొండు ఎస్తేరమ్మయి. మా ఫోన్ ఎత్తంగనే ముందుగాల ఒక ఆడగొంతు వినవడ్తది, "నమస్కారం, మీ ఫిర్యాదు చెప్పండి" అని. అది రికార్డు. ఎస్తేరమ్మకు గా సంగతి తెల్వదు. పదకొండు మార్లు ఆ గొంతుతోనే, ఎదురుంగ మనిషి కూసున్నట్టు, మాట్లాడింది.

ఆ మరునాడు పెద్దసారు గదిల నేను చేసిన లొల్లి రాయ. ముందుగాల చేయాల్సిన లొల్లి అది, ఇప్పుడు చేస్తే ఎవరికి గొప్ప? బండ ఎయ్యనీకి నాలుగు దినాలు పట్టింది. నాలుగంటే నాలుగే. యాడాది పౌడర్ చల్లినం. నేను రాసిన ఆ లైను నేనే తీసేసిన. బీరువ మీది రిజిస్టర్ కిందికి దిగింది, యాకయ్య సారు రిటైర్ అయ్యేదాక మల్ల అండ్లనే రాసిండు.

నాకు ఫోన్ చేసే పిల్లలకు ఒక్కటే చెప్త. సిటీ డిజైన్ అని కోర్సులు చదువుండ్రి, బొమ్మలు గీయుండ్రి, అన్ని చేయుండ్రి. గని ఒకలు చెప్పింది ఇంకొకలు చెప్పినట్టే ఉందని మీకనిపించినప్పుడు, ఆగుండ్రి. అట్ల అనిపించుడు మన అలుపే. చెప్పేటోళ్లకు దాంతోని సంబంధం లేదు.

పదకొండు మాటలు

కొత్త బండ ఏసినంక దానయ్యను చూడవోయిన. ఇంటి ముంగట ఎస్తేరమ్మ గిన్నెలు తోముతుంది. నన్ను చూసి లేవలే, కూసోమని గూడ అనలే. నేను చెప్పాల్సింది చెప్పిన. ఎవరి తప్పో, ఎట్లయిందో, మొత్తం. చేతుల బూడిద అట్లనే పెట్టుకొని విన్నది.

"అయితే నేను చెప్పినయ్ ఏడికి పోలే. ఉన్నయా?" అన్నది.

"ఉన్నయమ్మా. పదకొండు."

"ఇప్పుడున్నయా, నీ ఫోన్ల?"

"ఉన్నయ్."

ఆమె చేతులు కడుక్కొని లేచింది. "దా. మా ఆయనకు ఇనిపియ్యి."

దానయ్య మంచంల ఎల్లకిల పండుకొని ఉన్నడు. నేను స్టూలు మీద ఫోన్ పెట్టి మొదటిది మోగించిన. ఎస్తేరమ్మ గొంతు మెల్లగ, మర్యాదగ వచ్చింది. "అమ్మా, దండం. మా గల్లీ మోరీ మీద బండ పలిగిందమ్మా. మా ఆయనకు నడవరాదు, దవాఖానకు పోవాలె. జర బండ ఏపియ్యి తల్లీ." దానయ్య కండ్లు మూసుకునే ఉన్నడు. రెండోది విన్నడు. మూడోదానికి, సప్పుడుకు సక్కగ వినవడ్తలేదని ఫ్యాన్ బంద్ పెట్టుమన్నడు. ఐదోదాంట్ల ఎనకకెల్లి బడి గంట వినవడ్డది. ఎనిమిదోదాంట్ల ఆమె మోరీ వెడల్పు ఎన్ని అడుగులో, ఎంత మందం బండ కావాల్నో గూడ చెప్పింది. ఎవరితోనో కొలిపించినట్టుంది. మా చేతుల కొలత పెట్టింది ఆమె, మేం పౌడర్ చల్లినం.

పదకొండోది చిన్నది. దాంట్ల దండం లేదు. "వాసన గురించి కాదమ్మా నేను చెప్పేది. వాసనకు మేం అలవాటు పడ్డం. బండ అమ్మా, బండ. పోలు మీద ఆయనను మోస్తుంటే నా పానం పోతుంది. ఇంటున్నవా?" తర్వాత ఆమె జవాబు కోసం కొంచెంసేపు ఆగింది, ఆ ఆగుడు గూడ రికార్డయింది.

దానయ్య కండ్లు తెరిచి పెండ్లాం దిక్కు చూసిండు. "సక్కగనే చెప్పినవ్ గదనే" అన్నడు.

"గదే గద యాడాది సంది మొత్తుకుంటున్న!" అని ఎస్తేరమ్మ కొంగుతోని మొకం తుడుచుకున్నది. ఆమె అట్ల గట్టిగ అనుడు నేను గదే మొదాలు ఇనుడు.

ఆయన తల నా దిక్కు తిప్పిండు. కోపం లేదు, నిజంగనే తెల్వక అడిగిండు. "గింత సక్కగ చెప్పింది గదా బిడ్డా. మరి మీకు ఏం సమజ్ కాలే?"

"సమజ్ కాక గాదు బాపూ" అన్న. "వినలే."